డ్రాయింగు బల్ల కథ: ఆఫీసు నుంచి అంగడి దాకా



ఈ ప్రత్యేక సంచికకు ఎవరి శాఖకు సంబంధించిన చరిత్ర వారు రాయవలసిందిగా మన సంఘం కార్యవర్గం కోరింది. డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ సాధికారంగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 1968లో నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌నై, 2004లో రిటైరైనవాణ్ణి. ముప్పై ఆరేళ్ళు నా ముందు ఉన్న వస్తువు ఒక్కటే: డ్రాయింగు బల్ల. దాని చరిత్రే రాస్తున్నాను.

చరిత్రకు తోడు ఒక అవసరం కూడా కలిసివచ్చింది. మన ఆఫీసుల్లో మూలపడి, కట్టెల కింద పోయిన ఆ బల్లలే ఇప్పుడు నగరాల్లో ‘యాంటిక్’, ‘వింటేజ్’ అనే పేర్లతో అంగళ్ళలో వెలుస్తున్నాయి. ఆర్కిటెక్చర్ చదువుతున్న మా మనవడు అటువంటి బల్ల ఒకటి కావాలన్నాడు. వాడూ నేనూ కలిసి డోన్, కర్నూలు, హైదరాబాదుల్లో వెదికాము. ఆ తిరుగుడులో గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. పాత బల్ల కొనేటప్పుడు దాని వయసు కన్నా అది చేసిన పని చూడాలి. పని చేసిన బల్ల ఆ గుర్తులు దాచుకోలేదు. ఆ గుర్తులు చదవడం రావాలంటే దాని చరిత్ర కొంత తెలియాలి.

బల్ల పుట్టుక

వాలుగా లేపడానికి వీలున్న పైపలకతో డ్రాయింగు బల్లలు 18వ శతాబ్దంలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల్లో బాగా వాడుకలోకి వచ్చాయి. అవి సంపన్నుల ఇళ్ళ కోసం మహాగని కర్రతో చేసినవి. పలక కింద పళ్ళపట్టీ ఉంటుంది. ఏ పంటి దగ్గర ఊతకర్ర ఆనిస్తే ఆ వాలులో పలక నిలుస్తుంది. కొన్నింటికి రెండు పక్కలా బయటికి లాగే చిన్న పీటలుండేవి. అవి కొవ్వొత్తులు పెట్టుకోవడానికి.

రైళ్ళూ, కాలువలూ, యంత్రాలూ పెరిగిన 19వ శతాబ్దంలో ఈ బల్ల పెద్దమనుషుల గదిలోంచి కార్ఖానాకూ, ఆఫీసుకూ వచ్చింది. సోకులు పోయి పని మిగిలింది. లండనులో స్టాన్లీ కంపెనీ 1854లో, న్యూయార్కులో కాయిఫెల్ అండ్ ఎస్సర్ కంపెనీ 1867లో మొదలై డ్రాయింగు పరికరాలకు పేరు పొందాయి. పోత ఇనుప కాళ్ళతో, చక్రం తిప్పితే ఎత్తు మారే బల్లలు ఆ తరానివే. మన దేశంలో అలాంటివి ఏ పెద్ద వర్క్‌షాపులోనో తప్ప చిన్న ఆఫీసుల్లో అరుదు. మన పి.డబ్ల్యు.డి. ఆఫీసుల్లో ఉండేది వడ్రంగి చేసిన టేకు బల్ల, దానిమీద విడిగా పెట్టుకునే బోర్డు.

మన జిల్లాకు వచ్చిన దారి

మద్రాసులో 1794లో సర్వే స్కూలు పెట్టారు. తర్వాతి కాలంలో గిండీ ఇంజనీరింగు కాలేజీగా ఎదిగింది అదే. దత్తమండలాలను సర్వే చేయించిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల ఏలుబడిలోనే ఉంది. కంపెనీ పాలన కిందికి వచ్చిన పాతికేళ్ళ లోపే ఇక్కడ పెద్ద నిర్మాణం మొదలయింది. అదే కర్నూలు-కడప కాలువ, మన కె.సి. కెనాల్.

మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో ఆ పని ప్రారంభించింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి అయిదు వంతున వడ్డీ పూచీ ప్రభుత్వం ఇచ్చింది. సుంకేసుల ఆనకట్ట దగ్గర తుంగభద్ర నీటిని మళ్ళించి, సుమారు 190 మైళ్ళ దూరం కడప దాకా తీసుకుపోయారు. నీటిపారుదలతోపాటు పడవల రవాణా కూడా అనుకున్నారు. లెక్కలు తప్పి, కంపెనీ నష్టాల్లో పడి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసింది. కంపెనీ పోయినా కాలువ నిలిచింది; నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల మాగాణి దానికి సాక్షి. అంత కాలువకు ప్రతి తూముకూ, ప్రతి అక్విడక్టుకూ ఒక ప్లాను, ఒక సెక్షను ఎవరో ఒకరు బల్ల మీద వంగి గీసి ఉండాలి కదా! వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. డేరాల్లో ఆఫీసులు నడిచాయి. మద్రాసు నుంచి వచ్చిన కాగితాలూ, కుర్చీలూ, బల్లలూ సర్దుకునేలోగా 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది. మళ్ళీ లారీలకెక్కించినవి ఎక్కించారు. నేను చేరిన కొత్తలో పెద్దలు చెప్పేవారు: మనుషులకన్నా బల్లలకే ఎక్కువ బదిలీలు జరిగాయని.

డోన్ జంక్షను, రైలు అక్షరాలు

మన డోన్ గురించి చెప్పకపోతే కథ పూర్తి కాదు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడకు పోయే మీటరు గేజి మార్గం 1880 దశకంలో వేశారు. నల్లమలలో బొగద, చలమ మధ్య దొరబావి వంతెన ఆ పనిలో భాగమే. 1990 దశకంలో బ్రాడ్‌గేజి వచ్చి దారి మారడంతో ఆ వంతెన మూలపడింది. సికింద్రాబాదు నుంచి కర్నూలు మీదుగా వచ్చిన నిజాం రైలు మార్గం కూడా డోన్‌లోనే కలిసింది. అంటే ఒకప్పుడు ఇటు మద్రాసు కంపెనీ, అటు నిజాం కంపెనీ మన ప్లాట్‌ఫారం మీద కలుసుకున్నాయన్నమాట.

పాత సామాన్లు కొనేవారికి ఈ చరిత్ర పనికొస్తుంది. రైల్వే వారు ప్రతి సామాను మీదా సంస్థ పొడి అక్షరాలు చెక్కడమో, ముద్ర కొట్టడమో, పెయింటు వేయడమో చేసేవారు. సదరన్ మరాఠా రైల్వే అని ఉంటే 1908కి ముందుది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అని ఉంటే 1908-1951 మధ్యది. సదరన్ రైల్వే 1951లో ఏర్పడింది. గుంతకల్లు డివిజను 1977లో దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. నిజాం స్టేట్ రైల్వే అక్షరాలున్నది స్వాతంత్ర్యం తొలినాళ్ళకు ఇటువైపు రాదు. అంగడివాడు “నూటయాభై ఏళ్ళది సార్” అంటే అక్షరాలు చూడండి. అయితే పాత బల్లకు కొత్త అక్షరాలు కూడా వేస్తారు. ఒకే బల్ల మీద రెండు మూడు సంస్థల గుర్తులు ఒకదానిపై ఒకటి కనిపిస్తే సంతోషించండి. అది చేతులు మారుతూ పనిచేసిన బల్ల.

బల్ల మీద జరిగిన పని

ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక రెండు మాటల్లో చెబుతాను. ముందు మందపాటి కాగితం మీద పెన్సిలుతో డ్రాయింగు. దానిపై ట్రేసింగు క్లాతు పరచి రూలింగు పెన్నుతో నల్లసిరా. ట్రేసింగు క్లాతంటే గంజి పట్టించి నునుపు చేసిన సన్నని నూలుగుడ్డ. దానిమీద సిరా సరిగా పట్టదు. అందుకని ముందు తెల్లటి పొడి చల్లి, మెత్తని గుడ్డతో రుద్ది, దులిపివేసి గీసేవాళ్ళం. ఆ పొడి ‘ఫ్రెంచి చాక్’ అనే పేరుతో వచ్చేది. అది ఫ్రాన్సు సుద్దేమీ కాదు, బలపపు రాయి పొడి! మన డోన్, బేతంచెర్ల ప్రాంతపు గనుల్లో దొరికే రాయి జాతే. ఊరి చుట్టూ ఉన్నదాన్ని విదేశీ పేరుతో డబ్బాలో కొనేవాళ్ళం.

ట్రేసింగు పూర్తయ్యాక ఫెర్రో ప్రింటు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి అది. మందు పూసిన కాగితంపై ట్రేసింగు పెట్టి, అద్దం చట్రంలో బిగించి ఎండలో ఉంచితే, నీళ్ళలో కడిగాక నీలిరంగు మీద తెల్లగీతలు తేలేవి. మన కర్నూలు ఎండకు ఆ పని వేళ మించకుండా అయ్యేది. తర్వాత అమ్మోనియా ప్రింట్లు వచ్చాయి.

పాడైన ట్రేసింగు క్లాతు పారవేసేవాళ్ళం కాదు. వేడినీళ్ళలో నానబెట్టి గంజి వదలగొడితే లోపల చక్కటి మల్లు గుడ్డ. చేతిరుమాళ్ళూ, పసిపిల్లల చొక్కాలూ కుట్టించుకున్న ఇళ్ళు మన శాఖలో ఎన్నో. మా పెద్దమ్మాయి మొదటి చొక్కా ఒక కాలువ లాంగ్ సెక్షనే.

బల్ల దిగిపోయిన రోజులు

మొదట మినీ డ్రాఫ్టరు వచ్చి టీ-స్క్వేరును పక్కకు నెట్టింది. 1982లో అమెరికాలో ఆటోక్యాడ్ విడుదలయింది. మన ఆఫీసులకు అది చేరడానికి మరో పదిహేనేళ్ళు పైగా పట్టింది. నేను రిటైరయ్యే నాటికి బోర్డు మీద కంప్యూటరు డబ్బా పెట్టి దాన్ని మామూలు టేబులుగా వాడుతున్నారు. ఆ తర్వాత పద్ధతి ప్రకారం సర్వే రిపోర్టు రాసి, ‘పనికిరానివి’ అని తేల్చి, విరిగిన కుర్చీలతో కలిపి ఒక్క లాటుగా వేలం వేశారు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు ఇళ్ళలో, ఆఫీసుల్లో ఉన్న ఫర్నిచరు ఎంత పాడయిందో మనకందరికీ తెలుసు. నీళ్ళు తాగిన కలపంతా కట్టెల అడితీలకు చేరింది.

కొనబోయే ముందు

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారు గురువారం నాడు నడుస్తుంది. మా మనవడితో అక్కడికి వెళ్ళాను. ఒక బల్లను చూపించి, “బ్రిటిష్ కాలంది సాబ్, ముప్పై అయిదు వేలు” అన్నాడు అంగడాయన. నల్లటి పాలిషు, ఇత్తడి మూలలు, చూడముచ్చటగా ఉంది. మనవడికి నచ్చింది. “ముందు బోల్తా వేసి చూద్దాం పట్టురా” అన్నాను. ఆ రోజు వాడికి చెప్పిన పరీక్షలే ఇవి:

1. సమతలం: బోర్డు మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు స్టీలు స్కేలు అంచున నిలబెట్టి కిందనుంచి వెలుతురు చూడాలి. సన్నని గీతలా సమంగా వస్తే మంచిది. మధ్యలో మాత్రమే వెలుగొస్తే బోర్డు వంగిందని అర్థం. కాళ్ళు బాగు చేయించవచ్చు, పాలిషు వేయించవచ్చు. మెలి తిరిగిన పలకను సరిచేయడం కష్టం.

2. ఎడమ అంచు: టీ-స్క్వేరు జారేది ఆ అంచు మీదనే. మంచి బోర్డుకు అక్కడ నల్లటి గట్టి చేవకర్ర బద్ద పొదిగి ఉంటుంది. పనిచేసిన బోర్డుకు ఆ అంచు అద్దంలా నునుపు తేలి ఉంటుంది. మిగతా మూడు అంచులూ అంత నునుపుగా ఉండవు.

3. వెనుక భాగం: పలకలు వంగకుండా వెనుక రంపంతో గాళ్ళు కోస్తారు, అడ్డబద్దలు బిగిస్తారు. ఆ బద్దల స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. వానకాలం పలక ఉబ్బి, ఎండకాలం ముడుచుకున్నప్పుడు కదలడానికి చోటన్నమాట. బద్దలను మేకులతో, జిగురుతో కదలకుండా బిగించి ఉంటే అది డ్రాయింగు బోర్డు తెలిసినవాడు చేసింది కాదు.

4. పిన్ను గుర్తులు: కాగితం నాలుగు మూలలు వచ్చే చోట రంధ్రాలు గుంపులుగా ఉండాలి. పలకంతా సమంగా చల్లినట్టుంటే, పాతదనం కోసం సుత్తీ మేకూ పట్టుకుని చేసిన పని.

5. స్క్రూలు, సొరుగులు: ప్లస్ గుర్తు తల స్క్రూలు 1930ల తర్వాత ప్రపంచంలోకి వచ్చినవి. ఒకటి రెండుంటే రిపేరు. అన్నీ అవే అయితే బల్ల వయసు తగ్గించి బేరమాడండి. సొరుగు మూలల్లో పావురం తోకలా విచ్చుకున్న కోతలు చేతిపని అయితే ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి.

6. పురుగు, నీరు: సన్నని పిండి రాలుతుంటే పురుగు ఇంకా ఉంది. కాళ్ళ అడుగున, అతుకుల సందున ఎండిన ఒండ్రు కనిపిస్తే వరద నీళ్ళలో నానింది.

7. రసీదు: ఆఫీసు గుర్తున్న బల్లకు వేలం రసీదు అడగండి. ప్రభుత్వ సొత్తు ఏ దారిన బయటికొచ్చిందో తెలియకుండా కొనడం మనవంటివారికి తగదు.

ఆ ముప్పై అయిదు వేల బల్లను బోల్తా వేయగానే వెనుక కొత్త ప్లైవుడ్డు కనిపించింది. పిన్ను రంధ్రాలు పలకంతా జల్లెడలా ఉన్నాయి. మనవడే నవ్వి, “తాతా, దీనిమీద ఎవరూ ఒక్క గీత కూడా గీసినట్టు లేదు” అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాము.

విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవారికి ఒక హెచ్చరిక. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చేతిపని వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. వయసు తక్కువదైనా చూపుకు పాతగా ఉంటే, పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి సర్టిఫికెటు తీసుకుని పంపడం క్షేమం. ‘వింటేజ్’ అనే మాటకు చట్టంలో అర్థం లేదు. అది వ్యాపారుల మాట.

సొరుగులో మిగిలింది

చివరికి మాకు బల్ల దొరికింది డోన్‌లోనే, ఒక కట్టెల అడితిలో. పాలిషు పోయి, ఒక కాలు కుంటిదై, పైన గడ్డపారలు పెట్టి ఉన్నాయి. స్కేలు నిలబెట్టి చూస్తే పలక మాత్రం నీళ్ళు నిలిచినట్టు సమం. ఎడమ అంచు తడిమితే నా వేళ్ళకే తెలిసింది. “దీంతో ఏం జేస్తావ్ సార్? నాలుగు రోజులుంటే చీల్చేస్తాంటిమి” అన్నాడు అడితి ఆయన. కట్టె ధర కట్టి, ఆటో బాడుగతో కలిపి ఆరున్నర వేలలో ఇంటికి చేర్చాము. వేలం రసీదు నకలు కూడా ఇచ్చాడు.

బిగుసుకుపోయిన అడుగు సొరుగును ఇంటి దగ్గర వడ్రంగి ఊడదీస్తే లోపల వెనుకవైపు మడతపడి ఒక ట్రేసింగు క్లాతు ఉంది. మన ప్రాంతపు ఒక చెరువు ప్లాను, 1936 తేదీ. కట్ట, కలుజు, రెండు తూములు, చెరువు నిండితే నీరు నిలిచే హద్దు చుట్టూ చుక్కల గీత, పక్కన లెవెళ్ళు. ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ చుక్కల గీత లోపల ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి. రాళ్ళు పాతినవారికీ, కొన్నవారికీ అక్కడ ఒకప్పుడు నీళ్ళు నిలిచేవని తెలుసో లేదో. చుక్కల గీతకు మాత్రం తెలుసు.

సంబంధిత ఆఫీసుకు పట్టుకెళితే, తమ రికార్డులో ఆ చెరువు పాత డ్రాయింగు లేదన్నారు. అక్కడి యువ ఇంజనీరు క్లాతును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. “లెవెళ్ళు ఇంత స్పష్టంగా ఎలా రాశారు సార్?” అని అడిగాడు. స్కాను తీయించి ఒక ప్రతి నేనుంచుకుని, అసలును అప్పగించి రసీదు తీసుకున్నాను. తర్వాత ఏమి జరుగుతుందో నా చేతిలో లేదు. కానీ ఆ బల్ల పొయ్యిలోకి పోయి ఉంటే, ఆ చెరువు హద్దు చెప్పే సాక్ష్యం ఒకటి దానితోపాటే కాలిపోయేది. చీల్చేవాడి తప్పు కాదు. కట్టె కొన్నవాడు కట్టెగానే చూస్తాడు. వేలం వేసే ముందు సొరుగులు లాగి చూడవలసింది మనం, ఆఫీసుల్లో ఉన్నవాళ్ళం.

కనుక మన సభ్యులకు నా విన్నపాలు మూడు. ఒకటి: మీరు పనిచేసిన ఆఫీసులో పాత సామాను వేలం వేయబోతున్నారని తెలిస్తే, ఒకసారి వెళ్ళి, సొరుగులూ బీరువా వెనుకలూ చూడమని మన పిల్లల వయసు ఉద్యోగులకు చెప్పండి. పెద్దవాళ్ళ మాటగా వింటారు. రెండు: మీ ఇంట్లో పాత ట్రేసింగులూ, ఫెర్రో ప్రింట్లూ ఉంటే మడత పెట్టకండి, చుట్టి పెట్టండి, ఎండ తగలనివ్వకండి, ఏ ఊరివో, ఏ పనివో ఒక చీటీ మీద రాసి జతచేయండి. మూడు: ట్రేసర్లుగా, డ్రాఫ్ట్స్‌మన్‌లుగా, ఫెర్రో ప్రింటర్లుగా పనిచేసినవారు తమ పేరు, పనిచేసిన ప్రాజెక్టులు, సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి మన సంఘం కార్యాలయానికి ఇవ్వండి. డ్రాయింగు కింద మూలన ‘గీసినవారు’ అని పొడి అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఆ అక్షరాల వెనుక మనుషులెవరో చెప్పగలిగినవాళ్ళం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాము.



— ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్, డోన్